పంపు మీద బొట్టు

ఎనభై మూడో సంవత్సరం, దసరాకీ దీపావళికీ మధ్యనున్న ఇరవై రోజుల్లో మా లారీ ఒకసారి చచ్చి మళ్ళీ బతికింది. చంపినవాడు దసరానాడు మా ఇంట్లో కోడికూర తిన్నవాడే.

లారీ అంటే కొత్తదేం కాదు. అరవై మూడు మోడలు, ముందు పొడుగ్గా ముక్కున్న రకం. మా చేతికి వచ్చేసరికే ఇద్దరు యజమానుల్ని చూసింది. నెత్తి మీద బోర్డుకి శ్రీ కనకమహాలక్ష్మి అని రాయించాం గానీ కంచరపాలెం రైలుగేటు దగ్గర అందరికీ అది మాలచ్చే. ఫస్టు గేరు వేస్తే నిలవదు, తన్నుకుని బయటికొచ్చేస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు పక్కన ఎవరో ఒకరు గేరురాడ్డు పట్టుకుని కూర్చోవాలి. వానొస్తే సరిగ్గా డ్రైవరు నెత్తి మీదే కారుతుంది. అయినా అది మాది. మా ఆయన వరహాలు పదకొండేళ్ళు ఒకరి లారీ తోలి, ఒకరి తిట్లు తిని, ఇక ఒకరి స్టీరింగు పట్టనని ఒట్టు పెట్టుకుని కొన్న బండి.

మా ఇళ్ళలో దసరాకి బండికి బొట్లు పెట్టేది ఇంటి ఆడదే. కుంకం పెడితే డీజిలు తగిలి గంటలో పోతుంది. అందుకని షిప్‌యార్డులో పెయింటరుగా చేసే మా అన్నయ్య గవర్రాజు, ఓడల అడుగున పూసే ఎర్రరంగు చిన్న డబ్బాడు తెచ్చిచ్చేవాడు. సముద్రంలో ఏళ్ళ తరబడి నానేదానికి డీజిలొక లెక్కా. ఆ రంగుతో స్టీరింగుకొకటి, ఆరు చక్రాలకీ ఆరు, బ్యాటరీకి, గేరురాడ్డుకి పెట్టి, బానెట్ ఎత్తి డీజిలు పంపు దగ్గర ఆగాను. పంపు ఇంజనుని ఆనుకుని మూడు నట్లతో బిగించి ఉంటుంది. పంపుకొకటి, ఇంజనుకొకటి పెట్టాలి. డబ్బాలో రంగు చూస్తే అడుగంటింది. రెండూ కలిసే అతుకు మీద రూపాయంత బొట్టు ఒకటే పెట్టేశాను. సగం దాని మీద, సగం దీని మీద.

మెకానిక్కు ఎల్లారావు పక్కనే నిలబడి నవ్వాడు. "బొట్టెట్టుకో గానీ ఆ మూడు నట్ల జోలికి మాత్రం ఎల్లకు సెల్లీ. పంపు బియ్యపుగింజంత జరిగినా ఇంజనుకి పేణం పోద్ది."

ఎల్లారావు మా ఆయనకి చిన్ననాటి నేస్తం. చుట్టరికం లేకపోయినా ఒకర్నొకరు బావా అనుకునేవారు, నన్ను సెల్లీ అనేవాడు. మాలచ్చి మీద ఎల్లారావు చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడలేదు. పడనిచ్చేవాడు కాదు మా ఆయన. ఇంకొకడికి చూపించడమంటే ఎల్లారావుని గుమ్మంలోంచి గెంటినట్టేనని ఆయన లెక్క. మేం చేసిన పొరపాటల్లా అదొక్కటే.

దసరా వెళ్ళిన నాలుగోరోజున ఇంజనులోకి డీజిలు చిమ్మే నాజిళ్ళు శుభ్రం చేయించడానికి మా ఆయన బండిని రైలుకట్ట పక్కన ఎల్లారావు వేసుకున్న, వానకి కారే తాటాకు షెడ్డుకి తోలుకెళ్ళాడు. తెచ్చిన మర్నాటి నుంచి మాలచ్చి మాలచ్చి కాదు. పొద్దున్నే స్టార్టు చేస్తే ముక్కుతుంది, మూలుగుతుంది, వీధంతా తెల్లటి పొగ కక్కుతుంది. నాలుగు మైళ్ళు తిరిగేసరికి రేడియేటరు ఉడికిపోతుంది. పోర్టులో ఎత్తిన గోనెల లోడుతో వన్ టౌన్ సందులో కాస్త ఎగువకి ఎక్కలేక ఆగిపోతే, వెనక రిక్షావాళ్ళు మా వంశాన్నంతా తలుచుకున్నారు. షావుకారు చెయ్యూపి లోడు వేరే లారీలోకి మార్పించేశాడు. మా ఆయన ఖాళీ లారీ నెమ్మదిగా నడిపించుకుంటూ ఇంటికొచ్చి, అన్నం పెడితే కెలికి వదిలేశాడు.

ఎల్లారావు వచ్చి ఇంజనుకి చెవి ఆనించి చాలాసేపు విన్నాడు. చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు.

"ఇంజనులో లైనర్లు అరిగిపోనాయి బావ. ఇప్పితే కర్సు కొత్త ఇంజనంత అవుద్ది. ఎవడైనా అడిగితే ఇచ్చీ."

అడిగేవాడు మూడోరోజుకల్లా రానే వచ్చాడు. శ్రీరామ్మూర్తికి ఎనిమిది లారీలు, వన్ టౌన్‌లో ఆఫీసు, తెల్లకారు. మా వాకిట్లో నులకమంచం మీద కూర్చుని, తుక్కు ఇనుముకి అమ్మితే వచ్చేదానికి రెట్టింపు చెప్పాడు. పైగా ఇంకోమాట కలిపాడు. లారీ తను కొన్నా డ్రైవరు వరహాలే. బండి మారదు, సీటు మారదు, రిపేర్లు మాత్రం తనవి. ఈ మాట చెప్పి లేచి, బానెట్ ఎత్తకుండా, చక్రాలు తన్ని చూడకుండా, కేబిన్‌లోకి తల పెట్టి ఒక్క నిమిషం చూసి దిగిపోయాడు. డబ్బున్నవాళ్ళు అలాగే కొంటారు కాబోలనుకున్నాను.

మా అత్త జోగమ్మ గుమ్మంలో కవ్వళ్ళ చేపలు తోముతూ అంతా విన్నది. కారు వెళ్ళిపోయాక కొడుకుని తలెత్తి చూసింది.

"అదే సీట్లో కూకుని, అదే బండి తోలి, సాయంత్రానికి తాళం ఇంకొకడి సేతికిత్తావేటిరా."

"నడవనిదాన్ని పట్టుకుని ఏటి సెయ్యమంతావమ్మా," అన్నాడు మా ఆయన.

నేనూ అమ్మేయమనే అన్నాను. ఆ మాట దాచను. ఆ పొగ చూసినవాళ్ళెవరైనా అదే అంటారు. దీపావళికి ముందురోజు సాయంత్రం లారీ అప్పగిస్తానని మా ఆయన శ్రీరామ్మూర్తికి మాటిచ్చాడు.

బండి అమ్మేముందు మన బొట్లు మనం తుడిచేసుకోవాలి. బొట్టుతో పంపితే ఇంటి కళ కూడా దాంతోపాటే పోతుందంటారు. ఆ చతుర్దశి పొద్దున్న కిరసనాయిలు గుడ్డ, పాత బ్లేడు పట్టుకుని మొదలుపెట్టాను. చక్రాలవి గీకేశాను. స్టీరింగుది గీకుతుంటే కన్నీళ్ళొచ్చాయి, కిరసనాయిలు ఘాటుకే అనుకున్నాను. బానెట్ ఎత్తి పంపు మీదకి వంగాను.

బొట్టు రెండు ముక్కలై ఉంది.

పంపు మీది సగం కిందికి దిగింది, ఇంజను మీది సగం ఉన్నచోటే ఉంది. మధ్యలో ఎడం ఎంతో లేదు. ఒక బియ్యపుగింజంత.

బ్లేడు పక్కన పెట్టేశాను. మా ఆయన్ని పిలిచి, వేలితో చూపించాను. ఆయన వంగి చూశాడు. లేచాడు. చుట్ట వెలిగించి సగం కాల్చి పారేసి, మళ్ళీ వంగి చూశాడు.

"ఎల్లారావు అలాటి పని సెయ్యడు," అన్నాడు.

"నాను సెయ్యనేదు, నువ్వు సెయ్యనేదు. బొట్టు దానంతటది దిగెల్లిపోనాదేటి మావా?"

ఆయన పనిముట్ల పెట్టెలోంచి పదిహేడు నంబరు పానా తీశాడు. మూడు నట్లూ కాస్త వదులు చేశాడు. నేను రెండు చేతులతో పంపుని పట్టుకుని పైకి జరిపాను. కొద్దిగా ఎక్కువైంది, మళ్ళీ దింపాను. సగానికి సగం కలిసి బొట్టు గుండ్రంగా వచ్చేదాకా జరిపి, చాలన్నాను. ఆయన బిగించేశాడు.

తాళం తిప్పితే సగం చుట్టులోనే అందుకుంది. పొగ లేదు. ఆ చప్పుడు విని మా అత్త వంటింట్లోంచి గరిటెతో సహా బయటికొచ్చింది. "ఇది మన మాలచ్చి గొంతు," అంది.

మా ఆయన నవ్వలేదు. ఇంజను ఆపి, పానా పట్టుకుని వీధిలోకి నడిచాడు. ఎక్కడికో నాకు తెలుసు. వెళ్ళి దారికి అడ్డం నిలబడ్డాను.

"ఆడి బుర్ర పగలగొట్టేక ఏటి సేత్తావు? ముందు ఒకటి సెప్పు. సచ్చిపోయే బండైతే దాన్ని సంపడానికి ఇంత కష్టపడతారా?"

ఆయన ఆగాడు. నాకప్పుడు శ్రీరామ్మూర్తి కేబిన్‌లోకి తల పెట్టడం గుర్తొచ్చింది. వెళ్ళి నేనూ అలాగే తల పెట్టి చూశాను. లోపల ఏముంది? చిరిగిన సీటు, దేవుడి పటం, డాష్‌బోర్డుకి మేకుతో కొట్టిన రేకుబిళ్ళ. బిళ్ళ మీద ముప్పై ఒకటి అని అంకె. కిందటి చలికాలం స్టీల్ ప్లాంటు సైటులో రెండు నెలలు మట్టి తోలినప్పుడు కంట్రాక్టరు ఇచ్చింది. పని అయిపోయాక దాన్ని పీకడానికి కూడా బద్ధకించాం. ఇప్పుడు దాని మీద దుమ్ము తుడిచి ఉంది, వేలిముద్రంత మేర.

పదకొండు గంటల బస్సెక్కి గాజువాక దాటి సైటుకి వెళ్ళాను. కనుచూపుమేర ఎర్రమట్టి, జీపులు, ఇనుప చువ్వల గుట్టలు. రేకుల షెడ్డులో సూపర్వైజరు గురునాథరావు భోజనం క్యారేజీ విప్పుకుంటున్నాడు. ముప్పై ఒకటో నంబరు బండివాళ్ళమని చెబితే ఆశ్చర్యపోయాడు. కబురు అందలేదా అని అడిగాడు. రాయి తోలకం మూడేళ్ళపాటు ఉంది. బిళ్ళలున్న నలభై లారీలకే అవకాశం, కొత్తవాటిని తీసుకోరు. బిళ్ళ బండితోనే ఉంటుంది, బండి ఎవరిదైతే పని వాళ్ళది. దీపావళి మర్నాడు ఎనిమిది గంటలకి ట్రయలు. నిండా రాళ్ళేసుకుని, రాళ్ళు నలగ్గొట్టే క్రషరు ర్యాంపు ఆగకుండా ఎక్కాలి. ఆగినవాడు ఇంటికి పోవడమే. కబురు అందరికీ చేరవెయ్యమని శ్రీరామ్మూర్తిగారి ఆఫీసుకే చెప్పాం కదమ్మా అన్నాడు.

రిజిస్టరు చూపించమన్నాను. ముప్పై ఒకటికి ఎదురుగా పెన్సిలుతో శ్రీరామ్మూర్తి పేరు రాసి ఉంది.

"ఇది సెరిపెయ్యండి బాబూ."

"పెన్సిలే కదమ్మా. ఆరోజు బండి ఎవరు తెస్తే వాళ్ళ పేరు ఇంకుతో రాస్తాను."

తిరుగు బస్సులో మా ఆయనకి ఎలా చెప్పాలా అని ఆలోచించుకుంటూ వచ్చాను. చెప్పాక ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. మోసమైతే మోసమే గానీ బండి ముసలిదవడం అబద్ధం కాదు కదా అన్నాడు. గేరు నిలవదు, బ్రేకులు అంతంతమాత్రం, ఆ ర్యాంపు మీద గేరు జారితే నిండు లోడుతో వెనక్కి దొర్లిపోతాం అన్నాడు. అన్నీ నిజమే. గేరు నేను పట్టుకుంటానన్నాను. ఆయన నావైపు చూసి, టైర్లలో గాలి చూడటానికి వెళ్ళాడు.

సాయంత్రం దీపాల వేళకి తెల్లకారు వచ్చింది. శ్రీరామ్మూర్తి వెంట ఎల్లారావు కూడా దిగాడు. మా వైపు చూడకుండా వేపచెట్టు కింద నిలబడ్డాడు. టీ ఇస్తే పట్టుకున్నాడు గానీ తాగలేదు. మా ఆయన నోరు విప్పితే గొడవైపోతుందని నేను భయపడుతుంటే, మా అత్త ముందుకొచ్చింది. ఆవిడకి మేం ఏం నేర్పలేదు.

"సందీపాలేళ మాలచ్చిమిని గుమ్మం దాటించమంతారేటి బాబూ? రేపు చూస్తే దీపావళి అమావాస్స. మీ ఇంట్లోనైనా లచ్చిమిని బయటికి పంపుతారా?"

శ్రీరామ్మూర్తి తనకి అలాంటి పట్టింపులు లేవన్నాడు. మాకున్నాయి కదా బాబూ అంది మా అత్త. ఎంత తొందరున్నా ఎందుకో చెప్పలేని మనిషి ఆయన. పెదవులు బిగించి, పాడ్యమినాడు పొద్దున్న ఆరు గంటలకి తన డ్రైవర్ని పంపుతానన్నాడు. ఆరు దాటకూడదని రెండుసార్లు చెప్పాడు.

పాడ్యమి పొద్దున్న ఐదున్నరకి కాలిపోయిన టపాకాయ కాగితాల మీంచి మాలచ్చిని బయటికి తోలాం. ఆరింటికి వచ్చిన డ్రైవరుకి మా అత్త మిగిలిన అరిసెలు పెట్టి పంపిందట.

ర్యాంపు నేననుకున్నదానికంటే నిటారుగా ఉంది. ఎర్రమట్టి పోసి చదునుచేసిన ఏనుగు వీపులాంటి దారి, రెండువైపులా గట్టు లేదు, పైన క్రషరు నోరు. మా ముందు ఎక్కిన రెండు లారీల్లో ఒకటి సగంలో ఆగి వెనక్కి జారితే, కూలీలు అరుస్తూ చక్రాల కింద బండలు పడేసి ఆపారు. మాకు రాళ్ళు నింపుతుండగా తెల్లకారు దుమ్ము లేపుకుంటూ వచ్చి ఆగింది. శ్రీరామ్మూర్తి దిగాడు. వెనక డోరు తీసుకుని ఎల్లారావు.

మా ఆయన దిగి వెళ్ళి ఎల్లారావు భుజం మీద చెయ్యేశాడు. కొడతాడేమోననుకున్నాను.

"రా బావ, ఎక్కు. లైనర్లు అయిపోయిన బండి కదా. ఎక్కడాగిపోద్దో, నువ్వు పక్కనుంటే దైర్నం."

అందరూ చూస్తున్నారు. ఎల్లారావు ఎక్కకుండా ఉండటానికి కారణం లేదు. వచ్చి ఎడమ డోరు పక్కన కూర్చున్నాడు. మధ్యలో నేను, రెండు చేతులతో గేరురాడ్డు పట్టుకుని. స్టార్టు చెయ్యగానే ఆ చప్పుడుకి ఎల్లారావు ముఖం మారిపోయింది. చెవి ఆనించి వినక్కర్లేదు ఆయనకి.

ఫస్టు గేరులో మొదలుపెట్టాం. కింద ఇంజను గుర్రుమంటూ ఒక్కో అడుగూ ఎక్కుతోంది. పావువంతు ఎక్కాం. సగం ఎక్కాం. ఇందాకటి లారీ కింద పడేసిన బండలు పక్కగా కనిపించాయి. అక్కణ్ణించి దారి ఇంకా నిక్కింది. రాడ్డు నా చేతుల్లో కొట్టుకోవడం మొదలుపెట్టింది, పట్టుకున్న పెద్ద చేపలా. మోకాలు ఆనించి నొక్కాను. అరచేతులు చెమటకి జారుతున్నాయి. రాడ్డు ఒక అంగుళం బయటికొచ్చింది. లోపల పళ్ళు కరకరమన్నాయి.

"గౌరీ, వదలకు," అన్నాడు మా ఆయన, కళ్ళు దారి మీంచి తియ్యకుండా.

వదల్లేదు. కానీ నా బలం అయిపోయింది. అది నాకే తెలుసు. అప్పుడు నా చేతుల మీద ఇంకో చెయ్యి పడింది. గ్రీసు మరకలతో, గోళ్ళన్నీ నల్లబడి, మొద్దుబారిన చెయ్యి. రాడ్డుని వెనక్కి నెట్టి, తన బరువంతా మోపి పట్టింది.

"వదులు సెల్లీ. నాను పట్టుకుంటాను," అన్నాడు ఎల్లారావు.

నేను వదల్లేదు. ఇద్దరం పట్టుకున్నాం. బండి పైకెక్కి చదునులో నిలిచేదాకా ఏ చెయ్యీ సడలలేదు.

మా ఆయన బండి ఆపి దిగి గురునాథరావు దగ్గరికి వెళ్ళాడు. కేబిన్‌లో మేమిద్దరమే మిగిలాం. పంపు ఎవరు సరిచేశారని ఎల్లారావు నేలచూపులు చూస్తూ అడిగాడు.

"నువ్వే కదన్నా సెప్పినావు, గింజంత జరిగితే పేణం పోద్దని. గింజంత ఎనక్కి జరిపినాం."

అప్పుడు తనే చెప్పాడు. గాజువాకలో పక్కా రేకుల షెడ్డు వేసిస్తానన్నాడట శ్రీరామ్మూర్తి. పద్దెనిమిదేళ్ళు రైలుకట్ట పక్కన వానలో తడుస్తూ బళ్ళు బాగుచేశాను సెల్లీ అన్నాడు.

కింద గురునాథరావు రబ్బరుతో పెన్సిలు గీత చెరిపి ఇంకుతో వరహాలు అని రాస్తున్నాడు. శ్రీరామ్మూర్తి మా ఆయన దగ్గరికొచ్చి, గొంతు పెంచకుండానే, మాటిచ్చి తప్పావన్నాడు.

"సచ్చిపోయిన లారీ ఇత్తానన్నాను బాబూ," అన్నాడు మా ఆయన. "అది ఎక్కడైనా దొరికితే తీసుకెల్లండి."

నాగులచవితినాడు పుట్టలో పాలు పోసి ఇంటికొచ్చేసరికి మా ఆయన లారీ తుడుస్తున్నాడు. ఎక్కడికంటే ఎల్లారావు షెడ్డుకి అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఊళ్ళో ఇంకెవరూ లేరా అన్నాను.

"బ్రేకులు పట్టట్లేదు. సెవి ఆనించి రోగం సెప్పేవోడు ఇంకొకడు లేడు. ఆడి సెయ్యి మంచిదే గౌరీ."

నేనూ బండెక్కాను. ఎక్కేముందు షిప్‌యార్డుకి పరిగెత్తి గవర్రాజు అన్నయ్య దగ్గర కొత్త డబ్బా తెచ్చుకున్నాను.

ఎల్లారావు మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు, అంతే. మధ్యాహ్నం దాకా లారీ కిందే పడుకుని బ్రేకులు పూర్తిచేశాడు. బయటికొచ్చి చేతులు తుడుచుకుంటుంటే, బానెట్ ఎత్తించి, పంపు అతుకు మీది పాత బొట్టు నేనే గీకేశాను. చీపురుపుల్ల రంగులో ముంచి ఆయన చేతికిచ్చాను.

"ఈసారి నువ్వెట్టన్నా."

చాలాసేపు అలాగే పట్టుకున్నాడు. రంగు చుక్క ఒకటి ఆయన పాదం మీద పడింది. తర్వాత వంగి పెట్టాడు, సగం పంపు మీద, సగం ఇంజను మీద. గుండ్రంగా రాలేదు. ఆ వంకర బొట్టుతోనే మాలచ్చి మూడేళ్ళూ రాయి తోలింది, ఆ తర్వాత ఇంకో మూడేళ్ళు పోర్టు పని చేసింది.

మేం బండెక్కి కూర్చున్నాక ఎల్లారావు డోరు దగ్గరికొచ్చాడు.

"రోజూ బానెట్టెత్తి బొట్టు సూసుకుంతావేటి బావ?"

"సూసుకుంతాను," అన్నాడు మా ఆయన, తాళం తిప్పుతూ.